శూన్యం లోపలికొచ్చేస్తుంది

జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ సిగ్నల్ దగ్గర ఆటో ఆగింది. ఎండ మండిపోతోంది. డ్రైవరు హ్యాండిల్ పక్కన బిగించుకున్న ఫోన్లో ఏదో సిరీస్ నడుస్తోంది. ఎర్రలైటు పడినప్పుడల్లా కాస్త కాస్త చూసుకుంటూ వస్తున్నాడు. నా ధ్యాసలో నేనున్నాను. ఇంతలో ఆ ఫోన్లోంచి ఒక ముసలావిడ గద్దింపు వినిపించింది.

"తలుపేసెయ్యండిరా! శూన్యం లోపలికొచ్చేస్తుంది!"

డ్రైవరు పడీ పడీ నవ్వాడు. "ఈ అమ్మ ఎవరో గానీ సార్, మస్తు మాట్లాడ్తది. గా ఓడల ఉన్నోళ్ళందర్ని గడగడలాడిస్తది. ఇంగ్లీషుల జూస్తే గింత మజా రాదు."

"ఆవిడ మన కృష్ణానగర్ ఆవిడే" అన్నాను.

"అవునా! ఇప్పుడేం జేస్తున్నది?"

పోయిన కార్తీకంలో చనిపోయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అతను అంత హాయిగా నవ్వుతున్నాడు మరి. "రెస్టు తీసుకుంటోంది" అన్నాను. ఆకుపచ్చ లైటు పడింది.

నేను విదేశీ సిరీస్‌లకు తెలుగు మాటలు రాస్తుంటాను. ఫిల్మ్‌నగర్‌లో ఒక మేడ కింది అంతస్తులో ఉన్న చిన్న డబ్బింగ్ స్టూడియోలో నా పని. తెర మీద మనిషి పెదవులు కలిపిన చోటల్లా మా మాటలో ప, బ, మలలో ఏదో ఒకటి పడాలి. అదే మా ఛందస్సు. ఆ తలుపు డైలాగుకి నేను మొదట రాసింది ఇలా ఉండేది: "ద్వారం మూసివేయండి. పీడనం క్షీణిస్తోంది." ఆవిడ మైకు ముందు నిలబడి, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చి, కాగితాన్ని చేతికందినంత దూరం పెట్టి చదివింది.

"ఎవరు పీడిస్తున్నారు బాబూ?" అంది.

ఎవరూ పీడించడం లేదనీ, అంతరిక్షంలో ఓడ బయట గాలి ఉండదనీ, తలుపు తెరిచి ఉంచితే ప్రాణాలకే ముప్పనీ చెప్పాను.

"బయట ఏముంది మరి?"

"ఏమీ లేదండీ. శూన్యం."

"ఆయ్, అలా చెప్పు మరి!" అని మైకు వైపు తిరిగింది. సాయంత్రం పూట వీధి తలుపు తీసిపెట్టిన పిల్లల్ని దోమలొస్తాయని కేకలేసే గొంతుతో ఆ మాట అనేసింది. శూన్యం లోపలికి రాదనీ, లోపలి గాలే బయటికి పోతుందనీ చెప్పబోయాను. అద్దం అవతల్నుంచి సౌండ్ ఇంజినీరు యాదగిరి చెయ్యెత్తి నన్ను ఆపాడు.

"సార్, ఫిజిక్సు తర్వాత జూసుకుందం. టేక్ ఓకే."

ఆవిడ అసలు వృత్తి కోడళ్ళని ఏడిపించడం. హిందీలోంచి తెలుగులోకి వచ్చే సీరియళ్ళలో ఏ అత్త నోరు తెరిచినా ఆవిడ గొంతే. పాలల్లో విషం కలిపినా, మెట్ల మీద నూనె పోసినా, కొడుక్కి రెండో పెళ్ళి తలపెట్టినా ఆవిడే. అందుకే చిన్నా పెద్దా అందరూ "అత్తగారూ" అనే పిలిచేవాళ్ళు. ఆవిడా పలికేది. అసలు పేరు పెట్టి పిలిస్తే ఎవరినో అనుకుని వెనక్కి చూసేది.

మనిషి మాత్రం పిట్టంత. స్టూడియో గుమ్మం బయట చెప్పులు విడిచి, మైకుకి దణ్ణం పెట్టుకునేది. గాజులు చప్పుడు చేస్తాయని తీసి జేబురుమాల్లో మూటకట్టి బొడ్డులో దోపుకునేది. ఆ తర్వాత ఆ పిట్టలోంచి వచ్చే గొంతుకి యాదగిరి ప్రతిసారీ మీటరు తగ్గించుకోవాల్సి వచ్చేది. "ఈ పాలు తాగి నువ్వు చావాలే!" అని గర్జించి, హెడ్‌ఫోన్ తీసి, బయటికొచ్చి నన్ను మెల్లగా అడిగేది. "ఆ పిల్ల తాగదు కదా బాబూ?"

తాగదని చెప్పేదాకా కాఫీ ముట్టేది కాదు.

కథల విషయంలో ఆవిడకి ఒకే ఒక్క పరీక్ష ఉండేది. ఎవరు ఏ సినిమా గురించి చెప్పినా చివరిదాకా శ్రద్ధగా విని, "ఇందులో అన్నం తింటారా?" అని అడిగేది. తినే సన్నివేశం లేని కథని కథగా లెక్కలోకి తీసుకునేది కాదు. ఒక కొత్త దర్శకుడు హత్యలతో నిండిన తన కథని గంటసేపు చెప్పి, ఎలా ఉందండీ అని అడిగితే, "బాగుంది నాయనా, కానీ పాపం ఆ పోలీసాయన పొద్దున్నుంచీ ఏమీ తినలేదు" అంది. అతను మళ్ళీ మా స్టూడియో వైపు రాలేదు.

అలాంటి మనిషి దగ్గరికి నేను అంతరిక్షం కథ పట్టుకెళ్ళాల్సి వచ్చింది.

అదొక పెద్ద సిరీస్. దారి తప్పిన ఓడ ఒకటి నక్షత్రాల మధ్య ఇల్లు వెతుక్కుంటూ తిరుగుతుంటుంది. దాని కమాండర్ డెబ్బై ఏళ్ళ ముసలావిడ. ఆ సిరీస్‌ని విడుదల చేసే కంపెనీ తరఫున శ్రావ్య అనే అమ్మాయి బంజారాహిల్స్ ఆఫీసు నుంచి వచ్చేది. చాలా గొంతులు విని, చివరికి అత్తగారి గొంతు దగ్గర ఆగింది. "ఈ వాయిసే కావాలి సార్. ఆవిడ లేకపోతే ప్రాజెక్ట్ చెన్నైకి షిఫ్ట్ చేసేస్తామంటున్నారు మావాళ్ళు" అంది. స్టూడియోకి అప్పటికి కొన్ని నెలలుగా సరైన పని లేదు. యాదగిరి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆవిడని పిలిచి చెప్పాం.

"ఆకాశంలో తిరిగేవాళ్ళకి నా గొంతెందుకు బాబూ? అక్కడ అన్నం తింటారా?"

శ్రావ్య ఉత్సాహంగా అందుకుంది. "లేదు మ్యామ్, వాళ్ళు క్యాప్సూల్స్ వేసుకుంటారు. ఒక్కటి వేసుకుంటే రోజంతా ఎనర్జీ!"

"మాత్రలు మింగి బతికేవాళ్ళకి కష్టమేం తెలుస్తుందమ్మాయ్?" అని లేచింది.

యాదగిరి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "అమ్మా, జర కూసోండ్రి. ఒక్కపారి జూడుండ్రి. చూడంగనే అయిపాయెనా ఏంది? నచ్చకుంటే నేనే ఆటో పిలుస్త."

ఆవిడ మళ్ళీ కూర్చుంది. "సరే. పెళ్ళిచూపులనుకుంటాను. నచ్చకపోతే కాఫీ తాగి వెళ్ళిపోతాను. తర్వాత కబురు చేస్తాననే మాట మాత్రం నా దగ్గర లేదు" అంది.

మర్నాడు మొదటి ఎపిసోడ్ వేశాం. ఆవిడ నిటారుగా కూర్చుంది. నక్షత్రాలు వచ్చాయి. ఓడ వచ్చింది. ఓడ వస్తూనే ఉంది. "ఎంత పొడుగుందో, గూడ్సు బండిలాగా!" అంది. తర్వాత యుద్ధం మొదలైంది. ఆకుపచ్చ మెరుపులు, నీలం మెరుపులు, స్పీకర్లు అదిరిపోతున్నాయి. తిరిగి చూస్తే అత్తగారు గడ్డం గుండెల మీద ఆనించి నిద్రపోతోంది. మోత ఆగిపోయాక ఉలిక్కిపడి లేచింది.

"అయిపోయిందా? ఎవరు పోయారు?"

"ఎవలు పోలేదమ్మా. షీల్డులు పోయినయ్" అన్నాడు యాదగిరి.

"అంటే?"

"ఓడ చుట్టూ కవచమమ్మా. కండ్లకు కనపడదు."

"కవచం పోతే ఇంకేముంది, దిష్టి తగుల్తుంది. అంత పెద్ద ఓడ కట్టుకున్నారు, ముందర ఒక గుమ్మడికాయ వేలాడదీసుకోవద్దూ?" అని చెంగు సర్దుకుంది. రెండో ఎపిసోడ్ సగంలో కాఫీ అడిగింది. కాఫీ తాగింది. గ్లాసు కింద పెట్టి, "నా వల్ల కాదు బాబూ" అంది.

శ్రావ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మ్యామ్, ప్లీజ్. ఫోర్త్ ఎపిసోడ్ నుంచి పికప్ అవుతుంది. ట్రస్ట్ మీ!"

"నాలుగోది బాగుంటే దాన్నే మొదట పెట్టొచ్చుగా? విస్తరేసి కూర్చోబెట్టి, వడ్డించకుండా మూడుసార్లు చేతులు కడుక్కోమంటే ఎవరు కూర్చుంటారమ్మా?"

యాదగిరి వెంటనే నాలుగో ఎపిసోడ్ వేసేశాడు.

ఆ ఎపిసోడ్‌లో ఓడలో మాత్రలు అయిపోతాయి. ఏదో గ్రహం మీద దొరికిన జీవి ఒకటి ఓడలో ఉంటుంది. కళ్ళు భుజాల మీద ఉంటాయి, మాట రాదు. ఏమిచ్చినా తినదు. చిక్కి శల్యమైపోతుంటుంది. డాక్టర్లు సూదులు వేస్తారు, యంత్రాలు తగిలిస్తారు, లాభం ఉండదు. అప్పుడు ముసలి కమాండర్ విత్తనాల కోసం దాచిన గింజలు గుప్పెడు తీసి, ఇంజను వేడి మీద ఉడకబెట్టి, గిన్నెతో ఆ జీవి ముందు నేల మీద చతికిలబడుతుంది. అది తినదు. ఈవిడ ఒక చెంచా తింటుంది. అది చూస్తుంది. ఈవిడ చెంచా పక్కన పడేసి, చేత్తో ఒక ముద్ద తీసి దాని వైపు చాపుతుంది. అది కూడా ఆ గిన్నెలోంచి ఒక ముద్ద తీసి ఈవిడ నోటి దగ్గర పెడుతుంది. వాళ్ళ జాతిలో ఎవరూ ఒంటరిగా తినరన్నమాట. ఆ సన్నివేశంలో మాటలే లేవు.

స్టూడియోలో కూడా లేవు. కొంతసేపటికి అత్తగారి గొంతు వినిపించింది.

"వెనక్కి తిప్పు నాయనా."

యాదగిరి తిప్పాడు. మళ్ళీ చూసింది. మళ్ళీ తిప్పమంది. చివరికి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "దానికి ఆకలి లేక కాదు, తోడు లేక. ఆ డాక్టర్లకి అదెందుకు తట్టలేదు?" అంది. తర్వాత లేచి నిలబడి నా మీద విరుచుకుపడింది. "ఇంత మంచి మనిషి అక్కడిదాకా ఎలా వచ్చిందో చూడొద్దూ? నన్ను నిద్రపోనిస్తావా నువ్వు? మొదట్నుంచి వెయ్యండి!"

అక్కడితో పెళ్ళిచూపులు అయిపోయాయి. కాపురం మొదలైంది.

ఆ తర్వాత ఆవిడ చేసిన గొడవ అంతా ఇంతా కాదు. ఆ జీవికి మాతృకలో ఏదో నోరు తిరగని పేరుంది. ఆవిడ దాన్ని "బుజ్జిముండ" అనేది. స్క్రిప్టులో కూడా అలాగే పెట్టమని పట్టుబట్టింది. శ్రావ్య తన ఆఫీసులో ఏం చెప్పుకుందో తెలియదు, "బుజ్జి" వరకు అనుమతి తెచ్చింది. ఓడ కొత్త గ్రహానికి బయల్దేరే సన్నివేశాన్ని రాహుకాలంలో చెప్పనంది. స్టూడియో గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టించి, కర్పూరం వెలిగించి, అప్పుడు మైకు ముందుకొచ్చి "ఇంజన్లు ఆన్ చెయ్యండి" అంది. ఆ టేక్‌లో సన్నగా ఒక దగ్గు వినిపిస్తుంది. అది పైలట్‌ది కాదు, కర్పూరం పొగకి యాదగిరిది.

పొద్దున్నే పాలు పొంగేవేళకి నాకు ఫోన్ వచ్చేది.

"బాబూ, కాంతితో సమానంగా పరిగెడితే కాలం నెమ్మదిస్తుందన్నావుగా?"

"అవునండీ."

"మరి ఆవిడకి తిథులెలా తెలుస్తాయి? భూమ్మీద వాళ్ళాయన పోయాడుగా, తద్దినం ఏ రోజు పెట్టాలి?"

నేను సైన్సు చదివినవాణ్ణే గానీ ఈ ప్రశ్న ఎవరూ నన్ను అడగలేదు. కనుక్కుని చెప్తానన్నాను. యాదగిరిని అడిగితే, "పంతులు ఓడల లేకుంటే వీడియో కాల్ జేస్తరు సార్, గా పరేషానెందుకు?" అన్నాడు. అదే మాట ఆవిడకి చెప్పాను. సిగ్నల్ అందడానికి నాలుగేళ్ళు పడుతుందని మూడో ఎపిసోడ్‌లో చెప్పారు కదా అని ఆవిడే నన్ను దిద్దింది.

ఇలా సీజన్లు గడిచాయి. తెలుగు వెర్షన్ బాగా ఆడింది. ఆవిడ కృష్ణానగర్ గల్లీలో కూరగాయల బండి దగ్గర కూడా అందరికీ కథ చెప్పేదట. "మొదట్లో నాకూ నచ్చలేదమ్మా, కాస్త ఓపిక పట్టు" అని బెండకాయలు ఏరుతూ నచ్చజెప్పేదట.

చివరి సీజన్ ఆఖరి భాగం వచ్చింది. అందులో కమాండర్ చనిపోతుంది. ఓడని కాపాడటానికి ఇంజను గదిలో తానొక్కతే ఉండిపోతుంది. అద్దం అవతల బుజ్జి నిలబడి ఉంటుంది. కమాండర్ దానితో నాలుగు మాటలు చెప్పి కన్నుమూస్తుంది.

అత్తగారు కాగితం చదివింది. మడిచి నా చేతిలో పెట్టింది.

"నేను చంపను" అంది.

"మీరు చంపడమేంటండీ, కథలో..."

"కథలో అయితే మాత్రం? గొంతు నాదేగా!" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. విడుదల దగ్గరపడింది. శ్రావ్య ముఖం వేలాడేసుకుని వచ్చింది. "సార్, మావాళ్ళు ఆవిడ పాత రికార్డింగ్స్ నుంచి మెషీన్‌తో వాయిస్ జనరేట్ చేయిద్దామంటున్నారు. నాకైతే అస్సలు ఇష్టం లేదు. ఆవిడతో ఒక్కసారి మాట్లాడండి ప్లీజ్" అంది.

నేనూ యాదగిరీ ఆవిడ ఇంటికి వెళ్ళాం. పట్టపగలు. కూతురూ అల్లుడూ ఆఫీసులకి, మనవరాలు బడికీ వెళ్ళారు. ఆవిడ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. మమ్మల్ని చూసి కాఫీ పెట్టింది కానీ మా ముఖాల వైపు చూడలేదు.

"ఎంతమంది అత్తల్ని చంపలేదండీ మీరు?" అన్నాను. "మెట్ల మీద నుంచి పడి ఒకావిడ, కరెంటు షాక్ కొట్టి ఒకావిడ..."

"వాళ్ళు పోవాల్సినవాళ్ళే" అంది. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "బాబూ, మా మనవరాలికి మూడేళ్ళప్పుడు నేను పాలు కలిపిస్తే తాగేది కాదు. ఎందుకే అంటే, టీవీలో నువ్వు పాలల్లో ఏదో కలిపావు అమ్మమ్మా అంది. నవ్వుకున్నాం అందరం. నేనూ నవ్వాను. తర్వాత వంటింట్లోకెళ్ళి ఏడ్చాను. ఇన్నేళ్ళూ ఈ గొంతుతో ఒకళ్ళకి విషం పెట్టడమే గానీ ముద్ద పెట్టింది లేదు. ఈవిడ పెట్టింది. దాన్నీ తీసేస్తారా?"

మెషీన్ సంగతి చెప్పాను. ఆవిడకి సరిగా అర్థం కాలేదు. "నేను లేకుండా నా గొంతు మాట్లాడుతుందా?" అని ఒకటికి రెండుసార్లు అడిగింది.

యాదగిరి కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "అమ్మా, ఒక మాట. ఆమె ఎట్లయినా పోతది. గది మన చేతుల లేదు. గానీ గా బుజ్జి అద్దం దగ్గర నిలవడ్డది. ఇన్నేండ్లు మీ మాటే ఇన్నది. ఆఖరి గడియల మెషీను గొంతు ఇనుకుంట ఉండాల్నా అది?"

ఆవిడ మళ్ళీ ఈనెలు తీయడం మొదలుపెట్టింది. చిక్కుడుకాయలన్నీ అయ్యాయి. చేట పక్కన పెట్టింది.

"చెప్తాను. కానీ చనిపోయాక నవ్వుతాను" అంది.

మా ఇండస్ట్రీలో ఒక ఆనవాయితీ ఉంది. చనిపోయే సన్నివేశం తీశాక ఆ నటుడిది నవ్వుతూ ఒక షాట్ తీస్తారు, కీడు పోవాలని. డబ్బింగ్‌లో ఎవరూ పాటించరు. ఆవిడ పాటిస్తానంది. మేం సరేనన్నాం.

మర్నాడు వచ్చింది. తెర మీద బుజ్జి భుజాల కళ్ళు రెండూ అద్దానికి ఆనించి చూస్తోంది. నేను రాసిన నాలుగు వాక్యాలూ ఆవిడ ఉన్నవి ఉన్నట్టు చెప్పింది. గొంతు పెంచలేదు, ఏడవలేదు. పక్క ఊరికి వెళ్ళొస్తానని పిల్లకి జాగ్రత్తలు చెప్పినట్టు చెప్పింది. ఒకే టేక్. యాదగిరి అద్దం అవతల తల దించుకుని ఏవేవో మీటలు సవరిస్తున్నాడు. నిజానికి సవరించడానికేం లేదక్కడ.

"ఇప్పుడు నవ్వు" అని ఆవిడే గుర్తు చేసింది. యాదగిరి మళ్ళీ రికార్డింగ్ పెట్టాడు. ఆవిడ ఊపిరి తీసుకుని నవ్వింది.

"హ్హ హ్హ హ్హ హ్హా!"

స్పీకర్లు అదిరాయి. శ్రావ్య కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇరవై ఏళ్ళుగా కోడళ్ళ మీద నవ్విన నవ్వు అది. నవ్వమంటే ఆ గొంతుకి తెలిసింది అదొక్కటే. మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి ఎవరినో ఆస్తిలోంచి వెళ్ళగొట్టినట్టుగా వచ్చింది. మూడోసారి మొదలుపెడుతుండగా అద్దంలోంచి యాదగిరి ముఖం కనిపించినట్టుంది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెడుతున్నాడు, "అమ్మా, మా కోడలు మంచిదే, వదిలేయండ్రి" అని.

ఆవిడ నోట్లోంచి సన్నగా "కీచ్" మని ఒక చప్పుడు వచ్చింది. ఎక్కిళ్ళనుకుని నేను నీళ్ళు పట్టుకెళ్ళాను. ఎక్కిళ్ళు కాదు. ఆవిడ నవ్వుతోంది. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోతుంటే, మధ్యమధ్యలో కీచుమంటూ, ఊపిరందక ఆగుతూ, మళ్ళీ మొదలెడుతూ నవ్వింది. అన్నేళ్ళ పరిచయంలో ఆవిడ నవ్వు నేను వినడం అదే మొదలు. మైకు ముందు కాబట్టి స్టూడియో అంతా ఆ నవ్వే నిండిపోయింది. మేమూ ఆపుకోలేకపోయాం.

సర్దుకున్నాక శ్రావ్య కళ్ళు తుడుచుకుంటూ అడిగింది. "మ్యామ్, ఈ లాఫ్ మేం సేవ్ చేసుకోవచ్చా? చాలా నేచురల్‌గా ఉంది. ఫ్యూచర్‌లో ఎక్కడైనా యూజ్ అవుతుంది."

"వద్దమ్మాయ్" అంది ఆవిడ. "చావు మీరుంచుకోండి. నవ్వు నాది."

అని యాదగిరి కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడి, కంప్యూటర్ తెర మీద ఎగుడుదిగుడుగా ఉన్న ఆ నవ్వు గీతని వేలితో చూపించింది. "తుడిచెయ్యి నాయనా."

యాదగిరి నా వైపు చూశాడు. మీట నొక్కాడు. ఆ గీత పోయి తెర చదునైందాకా ఆవిడ అక్కడే నిలబడి చూసింది.